ముడతలకు లేజర్ చికిత్స: అడిగి తెలుసుకునే హక్కు

(మహిళా కార్యకర్తల ఆరోగ్య శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నంతా మనం రక్తహీనత గురించి, అవసరం లేకుండా గర్భసంచులు తీసేయడం గురించి మాట్లాడుకున్నాం. ఇవాళ ముఖం మీద ముడతలకు చేసే లేజర్ చికిత్స గురించి ప్రసంగం ఉందని చూసి, ఇది మనకెందుకు అని మీలో కొందరు అనుకునే ఉంటారు. తిండి చాలనివాళ్ళు, పని దొరకనివాళ్ళు, ఇంట్లో దెబ్బలు తిని వచ్చేవాళ్ళు మన గుమ్మంలో నిలబడి ఉంటే డబ్బున్న ఆడవాళ్ళ ముడతల మీద చర్చ ఏమిటని అడగడం న్యాయమే. కాబట్టి ముందు ఆ ప్రశ్నకే జవాబు చెప్తాను.

విజయవాడలో మా సంఘం నడిపే ఆరోగ్య సలహా కేంద్రంలో నేను పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. వారానికి రెండు మధ్యాహ్నాలు కూర్చుంటాం. నెలసరి ఇబ్బందులు, తెల్లబట్ట, రొమ్ములో గడ్డలు, నిద్ర పట్టకపోవడం, ఇవే ఎక్కువగా వస్తుంటాయి. గత నాలుగైదేళ్ళుగా మాత్రం లేజర్ చేయించుకుని ముఖం నల్లబడ్డవాళ్ళు, దానికోసం చేసిన అప్పు తీర్చలేక అవస్థ పడుతున్నవాళ్ళు కూడా వస్తున్నారు. వాళ్ళలో బట్టల షోరూంలో చీరలు చూపించే ఆమె ఉంది. ప్రైవేటు స్కూలు టీచరు ఉంది. నర్సింగ్ హోంలో రిసెప్షన్‌లో కూర్చునే ఆమె ఉంది. కూతురి పెళ్ళిలో వియ్యాలవారి ముందు నలుగురిలో నిలబడాలి గదా అని బంగారం కుదువపెట్టిన ఒక తల్లి ఉంది. వీళ్ళెవరూ డబ్బున్నవాళ్ళు కాదు.

చీరల షోరూంలో పనిచేసే ఆమె సంగతే చెప్తాను. వయసు నలభై మూడు. ఇరవై ఏళ్ళుగా అదే కౌంటరు. కొత్తగా వచ్చిన మేనేజరు ఒకరోజు, "అమ్మా, మీ మొహం బాగా అలిసిపోయినట్టుంది, పెళ్ళి చీరల కౌంటరులో చిన్నవాళ్ళని పెడదామనుకుంటున్నాం, మీరు గోడౌనులోకి వెళ్ళండి" అన్నాడట. గోడౌనుకు వెళ్తే అమ్మకాల మీద వచ్చే కమిషన్ పోతుంది. ఇంటి అద్దె ఆ కమిషన్‌తోనే కట్టుకుంటోంది. చీటీ పాడి, ఫోనులో చూసిన ఒక క్లినిక్‌కి వెళ్ళింది. ఆరు సిట్టింగుల ప్యాకేజీ, డబ్బంతా ముందే కట్టాలన్నారు. రెండో సిట్టింగు తర్వాత రెండు బుగ్గల మీదా బూడిద నలుపు చారలు తేలాయి. "ఇది మామూలే మేడమ్, మిగతా నాలుగూ అయితే పోతుంది" అన్నారు. ఆమె మా దగ్గరికి వచ్చినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, ఏ యంత్రంతో చేశారు? ఆమెకు తెలియదు. చేసింది డాక్టరా? తెలియదు, "తెల్లకోటు వేసుకున్నమ్మాయి" అంది. బిల్లు ఉందా? లేదు. ఏమైనా కాగితం మీద సంతకం పెట్టావా? "ఇంగ్లీషులో ఉంది అక్కా, నాలుగు పేజీలు. చివర సంతకం పెట్టమన్నారు, పెట్టాను."

మిత్రులారా, నిన్న గర్భసంచి ఆపరేషన్ల గురించి మాట్లాడినప్పుడు మనం విన్న కథలో ఇవే ప్రశ్నలు, ఇవే జవాబులు లేవూ? అందుకే ఈ విషయం మనకు కావాలంటున్నాను.

ఎవరి ఇష్టం?

ఇలాంటి విషయాల్లో మన మధ్య సాధారణంగా రెండు వాదనలు వినిపిస్తాయి. ఒకటి, ఇదంతా మార్కెట్ మాయ, వెళ్ళేవాళ్ళు ఆ మాయలో పడ్డవాళ్ళు, వెళ్ళొద్దని చెప్పడమే మన పని అనేది. రెండోది, ఎవరి శరీరం వాళ్ళది, ఎవరి డబ్బు వాళ్ళది, మనం నోరెత్తకూడదు అనేది.

మొదటి వాదనకు మన ఉద్యమంలో గట్టి చరిత్రే ఉంది. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు దేశంలో ఎన్నో మహిళా సంఘాలు వ్యతిరేకించాయి. ఆడదాని శరీరాన్ని సరుకులు అమ్ముకునే సాధనంగా మార్చడాన్ని ఆనాడు ప్రశ్నించడం సరైనదే, ఈనాటికీ సరైనదే. అయితే మార్కెట్‌ని ప్రశ్నించడం వేరు, గోడౌనుకు పొమ్మన్నారని ఏడుస్తూ వచ్చిన మనిషిని ప్రశ్నించడం వేరు. ఆమె వయసును చూసి జీతం తగ్గించేవాడు మన ముందు కూర్చోలేదు, ఆమె కూర్చుంది. ఆమెతో "ముడతలు సహజం తల్లీ, ఆత్మవిశ్వాసం పెంచుకో" అంటే ఇంటి అద్దె ఎవరు కడతారు?

రెండో వాదన వినడానికి బాగుంటుంది. కాని ఇష్టం అనేదానికి అర్థం ఉండాలంటే ముందు విషయం తెలియాలి. ఏం చేస్తారో, ఎవరు చేస్తారో, ఏమవుతుందో తెలియకుండా, ఇంగ్లీషు కాగితం మీద పెట్టిన సంతకాన్ని ఇష్టమని ఎలా అంటాం?

ఉద్యోగంలో ఆడవాళ్ళ వయసుకు వెల కట్టడం కొత్తేమీ కాదు. ఎయిర్ ఇండియాలో విమాన పరిచారికలు ముప్పై అయిదేళ్ళకే దిగిపోవాలని, లేదా ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకున్నా, మొదటిసారి గర్భవతి అయినా వెళ్ళిపోవాలని ఒకప్పుడు నిబంధన ఉండేది. మగ సిబ్బందికి ఆ నిబంధన లేదు. నర్గేష్ మీర్జా తదితరులు పోరాడితే 1981లో సుప్రీంకోర్టు గర్భం నిబంధనను కొట్టేసింది. పెళ్ళి నిబంధనను మాత్రం ఉంచింది. ఇప్పుడు అలా రాసిపెట్టే నిబంధనలు ఉండవు. "మొహం అలిసిపోయింది" అని మెల్లగా అంటారంతే. మగవాడి చెంపల మీద నెరిస్తే అనుభవం, ఆడదాని కంటి చివర గీత పడితే కౌంటరు మార్పు. మన సినిమాల్లో అరవై దాటిన హీరో పక్కన ఇరవై ఏళ్ళ హీరోయిన్‌ని చూసి చూసి మనకది వింతగా కూడా అనిపించడం మానేసింది.

కాబట్టి నేను వెళ్ళమని చెప్పను, వెళ్ళొద్దని చెప్పను. వెళ్ళేముందు తెలుసుకోవాల్సింది తెలుసుకోమంటాను, వెళ్ళాక మోసం జరిగితే వెంట నిలబడతాను. మన సంఘాల పని కూడా అదే అనుకుంటున్నాను.

లేజర్ అంటే ఏమిటి?

నేను డాక్టర్ని కాను. చర్మ వైద్యులను అడిగి, చదివి తెలుసుకున్నది మన మాటల్లో చెప్తాను.

లేజర్ అంటే ఒకే రంగు కాంతిని ఒకే చోట గురిపెట్టే పరికరం. మొదటి లేజర్‌ని 1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ తయారుచేశాడు. చర్మంలో ఉండే ఒక్కో పదార్థం ఒక్కో రకం కాంతిని పీల్చుకుంటుంది. ఒక కాంతిని మన రంగుకు కారణమైన మెలనిన్ పీల్చుకుంటుంది, ఇంకోదాన్ని నెత్తురు, మరోదాన్ని చర్మంలోని నీరు పీల్చుకుంటాయి. దేన్ని కొట్టాలో దానికి తగిన కాంతిని, తగినంత తక్కువ సేపు వేస్తే చుట్టుపక్కల చర్మం కాలకుండా దాన్ని మాత్రమే వేడెక్కించవచ్చని 1983లో యాండర్సన్, ప్యారిష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వివరించారు. చర్మానికి వాడే లేజర్లలో చాలావాటికి అదే ఆధారం.

ముడతలకు ముఖ్యంగా వాడేవి నీటిని వేడెక్కించే లేజర్లు. కార్బన్ డయాక్సైడ్ లేజర్ కాంతి 10,600 నానోమీటర్లది, ఎర్బియం యాగ్ లేజర్‌ది 2,940. ఇవి పై చర్మాన్ని పొరగా ఆవిరి చేస్తాయి. ఆ వేడికి కింద ఉన్న కొల్లాజెన్ బిగుసుకుంటుంది, కొత్తది పుడుతుంది. పుండు మానినట్టే కొత్త చర్మం వస్తుంది. 1990ల్లో ముఖమంతా ఇలా పొర తీసే పద్ధతి పాశ్చాత్య దేశాల్లో బాగా నడిచింది. గీతలు బాగా తగ్గేవి. కాని ఒకటి రెండు వారాలు ముఖం పచ్చిపుండులా ఉండేది, ఎరుపు నెలల తరబడి ఉండేది, కొందరికి చర్మం శాశ్వతంగా తెల్లబారేది.

తర్వాత 2004లో ఫ్రాక్షనల్ పద్ధతి వచ్చింది. ఇందులో ముఖమంతా కాల్చరు. కంటికి కనపడనంత సన్నని చుక్కలుగా వేస్తారు, చుక్కకీ చుక్కకీ మధ్య చర్మాన్ని వదిలేస్తారు. వదిలిన చర్మం నుంచి గాయం త్వరగా మానుతుంది. పై పొరను తీయకుండా లోపల మాత్రమే వేడి చేసే రకాలూ ఉన్నాయి. వాటికి ప్రమాదం తక్కువ, ఫలితమూ తక్కువ, సిట్టింగులు ఎక్కువ. ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు: గాయం ఎంత లోతైతే ఫలితం అంత, ప్రమాదమూ అంతే. "నొప్పి లేదు, సెలవు అక్కర్లేదు, ఒక్క సిట్టింగుతో పదేళ్ళు తగ్గుతారు" అనే ప్రకటన ఈ లెక్కకు కుదరదు.

లేజర్ అన్ని ముడతలకూ పనిచేయదు. ఎండ వల్ల పడ్డ సన్నని గీతలు, గరుకుదనం తగ్గుతాయి. నవ్వినప్పుడు, కనుబొమలు ముడిచినప్పుడు కండరం లాగడం వల్ల పడే గీతలకు దీంతో పెద్ద ప్రయోజనం ఉండదు. వదులై జారిన చర్మం లేజర్‌తో పైకి లేవదు. లేజర్ పేరుతో అమ్మేదంతా లేజర్ కూడా కాదు. ఐ.పి.ఎల్. అనేది అనేక రంగుల కాంతిని కలిపి వేసే దీపం. ముఖానికి నల్లటి కార్బన్ పూసి చేసే "లేజర్ ఫేషియల్" నాలుగు రోజులు నిగనిగలాడిస్తుంది, ముడతల చికిత్స అని దాన్ని నమ్మి డబ్బు కట్టకండి.

మన చర్మం సంగతి

ఇక్కడ మనం ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది ఒకటుంది. ఎండకు ఎవరి చర్మం ఎలా మారుతుందన్న దాన్ని బట్టి చర్మాన్ని రకాలుగా విభజించే కొలమానం ఒకటి 1975లో వచ్చింది. అమెరికా డాక్టరు ఫిట్జ్‌పాట్రిక్ తయారుచేశాడు. మొదట తెల్లవాళ్ళ చర్మాన్నే నాలుగు రకాలుగా విభజించారు. గోధుమరంగు, నలుపు చర్మాలను తర్వాత చేర్చారు. ఇప్పుడు మొత్తం ఆరు రకాలు. మనలో ఎక్కువమంది నాలుగు, అయిదు రకాల కిందికి వస్తాం.

మన చర్మంలో మెలనిన్ ఎక్కువ. ఎండ దెబ్బ నుంచి మనల్ని కాపాడేది అదే. మన పొలాల్లో, రోడ్ల మీద పనిచేసే ఆడవాళ్ళకు అంత ఎండలోనూ తెల్లవాళ్ళంత త్వరగా సన్నగీతలు పడకపోవడానికి అదొక కారణం. అదే మెలనిన్ వల్ల మనకు చిన్న గాయమైనా మచ్చ నల్లగా పడుతుంది. దోమకాటు మానినా నలుపు నెలల తరబడి ఉంటుంది చూడండి. లేజర్ కూడా గాయమే. తెల్ల చర్మానికి సరిపోయే శక్తితో మన చర్మం మీద వేస్తే కాలి నల్లబడుతుంది. చాలావరకు ఆ నలుపు నెలల్లో తగ్గుతుంది, కాని ముఖం మీద ఏడాదిపాటు నల్లచారలు మోయడం చిన్న మాటా? ఇక రంగు పోయి తెల్లబడితే, మచ్చ గట్టిపడితే అది శాశ్వతం కూడా కావచ్చు. మంగు ఉన్నవాళ్ళకు వేడి తగిలితే మంగు ఇంకా ముదరవచ్చు. మనలో మంగు ఎంతమందికి ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

దీనర్థం మన చర్మానికి లేజర్ పనికిరాదని కాదు. తక్కువ శక్తితో, తక్కువ చుక్కలతో, ఎక్కువ వ్యవధి ఇచ్చి చేయాలి. మన చర్మం మీద చేసి అనుభవం ఉన్న డాక్టరు చేయాలి. ముందు చెవి పక్కనో, దవడ కిందనో చిన్న చోట వేసి, కొన్ని వారాలు ఆగి, నల్లబడుతుందో లేదో చూడాలి. చీరల షోరూం ఆమెకు ఎవరూ అలా చేయలేదు.

మూడు చోట్ల మేము విన్నది

మా కేంద్రంలోనే పనిచేసే ఒకావిడ, యాభై ఏళ్ళు, తనకు చేయించుకోవాలని ఉందని నాతో అంది. ఎవరి బలవంతమూ లేదు, తనకే ఇష్టం. "నువ్వు నవ్వకపోతే ఒక మాట చెప్తాను" అని మొదలుపెట్టింది. ఎందుకు నవ్వుతాను? ఇద్దరం కలిసి మూడు చోట్లకు వెళ్ళాం.

మొదటిచోట అద్దాల గది, కాఫీ. మాట్లాడింది డాక్టరు కాదు, "కౌన్సెలర్". ఆవిడ ముఖం పరీక్షించకముందే ప్యాకేజీ ధర చెప్పింది. ఇవాళే కడితే ముప్పై శాతం తగ్గింపు, రేపటికి ఉండదంది. నెలవారీ కిస్తీలకు అక్కడే ఫోనులో అప్పు ఇప్పిస్తామంది. మంగు గురించి గాని, వాడే మందుల గురించి గాని అడగలేదు.

రెండోచోట బోర్డు మీద డాక్టరు పేరు ఉంది. ఎప్పుడు వస్తారంటే ఆదివారాలు వస్తారన్నారు. మిగతా రోజుల్లో లేజర్ ఎవరు వేస్తారంటే "మా స్టాఫ్ ట్రైన్డ్ మేడమ్" అన్నారు. యంత్రం పేరు అడిగితే "అమెరికన్ మెషిన్" అన్నారు.

మూడోది చర్మ వైద్యంలో ఎం.డి. చేసిన ఒక డాక్టరమ్మ దగ్గరికి. ఆవిడ పావుగంట చూసింది. "నీ గీతల్లో సగం ఎండవి, సగం నవ్వువి. మొదటివి కొంత తగ్గుతాయి, రెండోవి తగ్గవు. నీకు బుగ్గల మీద సన్నగా మంగు ఉంది. ముందు నాలుగు నెలలు పగలు సన్‌స్క్రీన్, రాత్రి ఈ క్రీము వాడు. అప్పటికీ కావాలంటే చలికాలంలో రా, చెవి పక్కన వేసి చూద్దాం" అంది.

మా స్నేహితురాలు ఆ క్రీములు వాడింది. తర్వాత చలికాలంలో సెలవు పెట్టుకుని మూడుసార్లు ఫ్రాక్షనల్ లేజర్ చేయించుకుంది. గీతలు పోలేదు, తేలికపడ్డాయి. అంతకంటే ఎక్కువ ఆమె ఆశించలేదు, ఎందుకంటే అంతేనని ముందే చెప్పారు. ఆ డబ్బు వృథా అని నాకు అనిపించవచ్చు, ఆమెకు అనిపించలేదు. తెలుసుకుని ఎంచుకోవడమంటే అదే.

ఆ క్రీము సంగతి కూడా చెప్పాలి. ట్రెటినోయిన్ అనే ఆ మందును సన్నగీతలకు వాడటానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1995లోనే అనుమతించింది. డాక్టరు చీటీ మీద వాడాల్సిన మందు, గర్భిణులు వాడకూడదు. ఇక సన్‌స్క్రీన్: ఆస్ట్రేలియాలో 900 మందికి పైగా మనుషుల మీద నాలుగున్నరేళ్ళు చేసిన పరిశోధన 2013లో వెలువడింది. రోజూ రాసుకున్నవాళ్ళలో చర్మం ముదరడం, ఇష్టమున్నప్పుడు రాసుకున్నవాళ్ళకంటే 24 శాతం తక్కువగా కనిపించింది. లేజర్ ఖర్చుతో పోలిస్తే ఇవి చాలా చవక. ఏ "కౌన్సెలరూ" మాకు వీటి మాట ఎత్తలేదు.

సెలవు ఎవరిస్తారు?

డబ్బు ఖర్చు అందరూ లెక్కేస్తారు. రోజుల ఖర్చు ఎవరూ చెప్పరు. ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ తర్వాత కొన్ని రోజులు ముఖం ఎర్రగా, వాచి, పొట్టు రాలుతూ ఉంటుంది. వారాల తరబడి ఎండలో తిరగకూడదు. మొదటి రోజుల్లో పొయ్యి సెగ కూడా తగలకుండా చూసుకోవాలి. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, ఇంటింటికీ తిరిగే మనలాంటివాళ్ళు ఎండ లేకుండా ఎలా ఉంటారు? ఆ వారం ఇంట్లో అన్నం ఎవరు వండుతారు? ఈ ప్రశ్నలకు ఇంట్లో, ఆఫీసులో జవాబు దొరక్కుండా చేయించుకున్నవాళ్ళే ఎక్కువగా నల్లబడి వస్తున్నారని మా కేంద్రంలో చూశాను.

అడగాల్సిన ప్రశ్నలు

ఇవి రాసుకోండి. కాగితం మీద రాసుకుని వెళ్ళి, అక్కడే జవాబులు రాయించుకోవాలి.

ఒకటి, చేసేది ఎవరు? పేరు, డిగ్రీ, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు. చర్మవైద్యంలో ఎం.డి., డిప్లొమా, డి.ఎన్.బి., లేదా ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. ఉందా? "కాస్మెటాలజిస్టు" అనేది బోర్డు మీద ఎవరైనా రాసుకోవచ్చు.

రెండు, యంత్రం ఏది, ఏ రకం లేజర్? నా గీతల్లో ఏవి తగ్గుతాయి, ఏవి తగ్గవు?

మూడు, నాలాంటి రంగు ఉన్నవాళ్ళకు ఎంతమందికి చేశారు? ముందు చిన్న చోట వేసి చూస్తారా?

నాలుగు, నల్లబడితే, కాలితే వైద్యం ఎవరు చేస్తారు, ఎవరి ఖర్చుతో?

అయిదు, మొత్తం ఖర్చెంత, మధ్యలో ఆపేస్తే ఎంత తిరిగిస్తారు?

మనం చెప్పాల్సినవీ ఉన్నాయి. మంగు ఉందా, గాయాలు గట్టిపడి ఉబ్బే తత్వం ఉందా, పెదవుల దగ్గర తరచు నీటిపొక్కులు వస్తాయా, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడారా, గర్భంతో ఉన్నారా, ఇవన్నీ దాచకుండా చెప్పాలి. నీటిపొక్కులు వచ్చేవాళ్ళకు లేజర్ తర్వాత అవి ముఖమంతా పాకవచ్చు, ముందే మందు వేసుకోవాలి. లేజర్ వేస్తున్నంతసేపూ కళ్ళకు రక్షణ ఉండాలి, అద్దాలు లేకపోతే లేచి వచ్చేయండి. మొద్దుబారే క్రీము ఇంటికిచ్చి మీరే రాసుకు రమ్మంటే ఒప్పుకోకండి. అమెరికాలో వెంట్రుకల లేజర్‌కి ముందు కాళ్ళనిండా ఆ క్రీము రాసుకుని ప్లాస్టిక్ చుట్టుకున్న ఇద్దరు యువతులు చనిపోయారు. 2007లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ ప్రజలకు హెచ్చరిక ఇచ్చింది.

చట్టం ఏమంటుంది?

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తేల్చింది. అందం కోసం చేయించుకున్నావు కాబట్టి నీకు హక్కు లేదని ఎవరన్నా నమ్మకండి.

నిన్న గర్భసంచుల చర్చలో వచ్చిన సమీరా కోహ్లీ కేసు ఇక్కడా వర్తిస్తుంది. పరీక్ష కోసం మత్తు తీసుకున్న ఆమెకు ఆమె అనుమతి లేకుండా గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మత్తులో ఉండగా తల్లిని అడిగి ఒప్పుకున్నారన్న వాదనను 2008లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చికిత్స ఏమిటి, దాని లాభనష్టాలేమిటి, వేరే మార్గాలేమిటి చెప్పి తీసుకున్నదే అనుమతి అని, ఒకదానికి ఇచ్చిన అనుమతి ఇంకోదానికి చెల్లదని చెప్పింది. ఒక లేజర్‌కి ఒప్పించి ఇంకోటి వేస్తే అదే మాట అడగవచ్చు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. నష్టం జరిగిన రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. క్లినిక్ ఏ ఊళ్ళో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు. కట్టిన డబ్బు అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. ముందుగా సలహాకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. డాక్టర్ల ప్రవర్తనా నియమావళి ప్రకారం మన వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేయడం 2019 నాటి జాతీయ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద నేరం. ఆరోగ్య బీమా మాత్రం అందం కోసం చేయించుకునే చికిత్సలకు సాధారణంగా రాదు. కాబట్టి నష్టం వస్తే అది మన జేబు నుంచే పోతుంది.

చీరల షోరూం ఆమె విషయంలో బిల్లు లేదు. ఫోనులో డబ్బు కట్టిన వివరాలు, వాట్సాప్‌లో ప్యాకేజీ గురించి వాళ్ళు పంపిన మాటలు, సిట్టింగుకు ముందు ఆమె చెల్లెలు తీసిన ఫోటో దొరికాయి. వాటితో మా లాయరు నోటీసు పంపితే, మిగిలిన నాలుగు సిట్టింగుల డబ్బు తిరిగి ఇచ్చారు. నష్టపరిహారం ఇవ్వలేదు. ఏ యంత్రం వాడారో చివరిదాకా చెప్పలేదు. ఆమె కేసు వేయడానికి సిద్ధపడలేదు. కమిషన్ వాయిదాలకు వెళ్తే రోజుకూలీ పోతుందంది. ప్రభుత్వాసుపత్రి చర్మ విభాగంలో మందులు వాడితే చారలు తగ్గడానికి పది నెలలు పట్టింది. ఆ పది నెలలూ ఆమె గోడౌనులోనే ఉంది.

మనం చేయగలిగింది

మన సంఘాల ముందు మూడు పనులు పెడుతున్నాను.

మొదటిది, ఇందాకటి ప్రశ్నల కాగితాన్ని తెలుగులో అచ్చువేసి మన కేంద్రాల్లో, వీలైతే పార్లర్లలో, పెద్ద షోరూముల్లో పనిచేసే ఆడవాళ్ళ దగ్గర పెట్టాలి. అనుమతి పత్రాలు తెలుగులో ఉండాలని, చేసేవాళ్ళ పేరు, డిగ్రీ, యంత్రం వివరాలు గోడ మీద రాయాలని జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి వినతిపత్రం ఇవ్వాలి.

రెండోది, మన దగ్గరికి వచ్చే ప్రతి కేసునూ రిజిస్టరులో రాయాలి. ఏ రకం లేజర్, ఎన్ని సిట్టింగులు, ఎంత డబ్బు, ఏమైంది, ఏ కాగితాలు ఉన్నాయి. ఒక్కొక్కరూ సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటే అది సొంత దురదృష్టంలా కనిపిస్తుంది. ఇరవై కేసులు ఒక పుస్తకంలో ఉంటే అధికారుల ముందు పెట్టి మాట్లాడగలం.

మూడోది అన్నిటికన్నా కష్టమైనది. ముఖం చూసి కౌంటరు మార్చే యజమానిని అడగాలి. షోరూముల్లో, ఆసుపత్రుల్లో, స్కూళ్ళలో పనిచేసే నలభై దాటిన ఆడవాళ్ళతో ఈ విషయం మీద సమావేశాలు పెట్టాలి. ఇది కార్మిక సంఘాల ఎజెండాలోకీ రావాలి. చీరల షోరూం ఆమెకు మంచి లేజర్ దొరికి ఉంటే ఆమె ముఖం బాగుండేదేమో గాని, మూడేళ్ళ తర్వాత అదే మేనేజరు మళ్ళీ అదే మాట అనేవాడు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నల కాగితాలు వెనక బల్ల మీద పెట్టాం, వెళ్ళేటప్పుడు తలా పది తీసుకోండి. మీ ఊళ్ళలో మీరు చూసిన కేసులు ఉంటే ఇప్పుడే చెప్పండి, రిజిస్టరు తెచ్చాను, ఇవాళే మొదలుపెడదాం.